బాలింత సెలవులో లేదు, పనిలో ఉంది

"ఏం పని చేస్తావమ్మా?" అని ఓపీకి వచ్చిన ప్రతి ఒక్కరినీ అడుగుతాం. నిలబడి చేసే పనా, కూర్చుని చేసే పనా, రాత్రి డ్యూటీలున్నాయా అన్నది తెలిస్తే చాలాసార్లు జబ్బు సగం తెలిసిపోతుంది. ఈమధ్య ఒక అమ్మాయి ఆ ప్రశ్నకు "ఇప్పుడేమీ లేదు మేడమ్, ఖాళీగానే ఉన్నాను. మెటర్నిటీ లీవు" అంది. ఒళ్లో మూడున్నర నెలల పాప. ఉద్యోగం విశాఖలో. పురిటికి ఎలమంచిలిలోని పుట్టింటికి వచ్చింది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, లేస్తే కళ్లు తిరగడం, సాయంత్రానికి తలనొప్పి. వెంట వచ్చిన అమ్మమ్మ మాత్రం "మా కాలంలో ఏడుగుర్ని కన్నాం తల్లీ, ఇలాటి నీరసాలేటీ ఎరగం" అని నవ్వేసింది.

రక్త పరీక్షలో హిమోగ్లోబిన్ 8.4 వచ్చింది. ఐరన్ మాత్రలు కాన్పయిన నెలకే ఆపేసిందట. "గర్భంతో ఉన్నప్పుడే కదా వేసుకోమన్నారు" అంది. మందులు రాశాక, ఓపీ చీటీ వెనక్కి తిప్పి, "నిన్న పొద్దున్నుంచి ఇవాళ పొద్దుటిదాకా ఏం చేశావో చెప్పు" అన్నాను. చెబుతూ ఉంటే రాశాను. పాలివ్వడం పదిసార్లు, తేపు వచ్చేదాకా భుజాన వేసుకోవడంతో కలిపి ఒక్కోసారి అరగంట. అంటే ఐదు గంటలు. గుడ్డలు మార్చడం పన్నెండుసార్లు, దాదాపు గంట. నూనె రాసి స్నానం చేయించి, ఒళ్లు తుడిచి, నిద్రపుచ్చేసరికి మరో గంటన్నర. పాప బట్టలు ఉతికి ఆరేయడం ఒక గంట. ఏడిస్తే ఎత్తుకుని తిప్పడం, ఉయ్యాల ఊపడం రెండు గంటలు. మొత్తం పదిన్నర గంటలు. వంటలో తల్లికి సాయం చేసినది ఇందులో లేదు. రాత్రి మూడుసార్లు లేచింది కాబట్టి ఒక్క విడతలో పడుకున్నది రెండు గంటలు మించలేదు.

చీటీ చూపించి "నువ్వు ఆఫీసులో ఎన్ని గంటలు పనిచేస్తావు?" అని అడిగాను. "ఎనిమిది" అంది. వెంటనే కళ్లు తుడుచుకుంది. అమ్మమ్మ నవ్వు ఆపేసింది.

ప్రసూతి సెలవు అనే మాటలోని 'సెలవు' మనల్ని మోసం చేస్తోంది. ఇంట్లో ఉన్నది కాబట్టి విశ్రాంతిగా ఉన్నట్టే అని ఇంటిల్లిపాదీ అనుకుంటారు. చివరికి ఆ తల్లి కూడా అలాగే అనుకుంటుంది. అందుకే ఒంట్లో బాగాలేదని చెప్పుకోవడానికి సిగ్గుపడుతుంది. ఈ వారం చెప్పదలచుకున్నది ఆ సెలవు గురించే. అది ఎన్ని రోజులు, ఆ రోజుల్లో తల్లి ఒంట్లో ఏం జరుగుతుంది, ఇంట్లోవాళ్లు ఏం చేయాలి అన్నది చూద్దాం.

26 వారాల లెక్క

మన దేశంలో ప్రసూతి ప్రయోజనాల చట్టం 1961లో వచ్చింది. మొదట్లో సెలవు 12 వారాలే. 2017 సవరణతో మొదటి రెండు కాన్పులకు దాన్ని 26 వారాలు చేశారు. ఈఎస్ఐ పరిధిలో ఉన్న కార్మికులకూ 26 వారాలే. మన రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగినులకు 180 రోజులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ బిడ్డకు ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా పట్టవద్దంటుంది. ఆరు నెలల పాలు, ఆరు నెలల సెలవు. లెక్క సరిగ్గా సరిపోయినట్టు కనిపిస్తుంది.

ఇక్కడే ఒక చిక్కుంది. 26 వారాల్లో 8 వారాల దాకా కాన్పుకు ముందే వాడుకోవచ్చని చట్టం చెబుతోంది. ఎలమంచిలి నుంచి రోజూ బస్సులోనో రైల్లోనో విశాఖ వెళ్లి వచ్చే అమ్మాయికి ఎనిమిదో నెలలో ఆ ప్రయాణం కష్టమే. ఇంట్లోవాళ్లు "ఇక చాలు, సెలవు పెట్టెయ్" అంటారు. అలా 8 వారాలు ముందే వాడేస్తే బిడ్డ పుట్టాక మిగిలేది 18 వారాలు, అంటే 126 రోజులు. నాలుగు నెలలు దాటి నాలుగైదు రోజులు. 14వ వారం టీకా వేయించిన నెలలోపే డ్యూటీలో చేరాలి. అప్పటికి ఆ బిడ్డకు తల్లిపాలు తప్ప వేరే ఆహారం పెట్టే వయసు ఇంకా రాలేదు. పోతపాల డబ్బా ఇంట్లోకి వచ్చేది చాలామందికి ఈ రెండు నెలల్లోనే. పాలు లేక కాదు, రోజులు చాలక.

అందుకని గర్భిణులందరూ నొప్పులు వచ్చేదాకా పనిచేయాలని నేను అనను. రక్తపోటు ఉన్నా, రక్తం తక్కువున్నా, కవలలున్నా, రోజంతా నిలబడే పనైనా ముందుగా సెలవు పెట్టాల్సిందే. అది డాక్టరు చూసి చెప్పాలి. కానీ గర్భం సజావుగా ఉండి, పని తేలికైనదైతే, "ఎన్ని రోజులు బిడ్డ కోసం దాచుకోగలం?" అన్న ప్రశ్న ఏడో నెలలోనే ఇంట్లో వేసుకోవాలి. కాన్పుకు ముందు ఇంటి నుంచి పనిచేసే వీలుందా, తేలికైన సీటు ఇస్తారా, ఇతర సెలవులు కలుపుకోవచ్చా అని ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి. ఇది తండ్రి కూడా కూర్చుని లెక్కవేయాల్సిన విషయం.

చట్టంలో ఇంకో మూడు మాటలున్నాయి. చాలామంది ఉద్యోగినులకు అవి తెలియవు. 50 మంది, అంతకుమించి పనిచేసేచోట పిల్లల సంరక్షణ కేంద్రం ఉండాలి. తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు. బిడ్డకు 15 నెలలు నిండేదాకా మామూలు విరామం కాక మరో రెండు విరామాలు పాలివ్వడానికి ఇవ్వాలి. సెలవులో ఉండగా ఉద్యోగం నుంచి తీసేయడం చట్టవిరుద్ధం. మన పక్కనే అచ్యుతాపురం సెజ్‌లో వేలమంది ఆడపిల్లలు మిషన్ల ముందు పనిచేస్తున్నారు. అనకాపల్లి జిల్లా పల్లెల నుంచి తెల్లవారకముందే బస్సులెక్కే ఆ అమ్మాయిల్లో చాలామందికి పెళ్లీ, కాన్పూ ఈ ఐదారేళ్లలోనే. వాళ్లకు ఈ మూడు మాటలూ తెలియడం ఎంతో అవసరం.

సెలవే లేనివాళ్లు ఇంకా ఎక్కువమంది. చిన్న ప్రైవేటు బడుల్లో, దుకాణాల్లో, ల్యాబుల్లో పనిచేసే అమ్మాయిలు ఏడో నెలలో మానేసి, బిడ్డ నడిచాక మళ్లీ కొత్త ఉద్యోగం వెతుక్కుంటారు. పదిమంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసే దుకాణాలు, సంస్థలకు ఈ చట్టం వర్తిస్తుందని యజమానికీ గుర్తుండదు, ఉద్యోగికీ తెలియదు. బాలింత ఇంటికి వచ్చి బిడ్డను తూచి, ఒళ్లు చూసి వెళ్లే ఆశా కార్యకర్త సంగతి మరీ విచిత్రం. ఊళ్లో అందరి కాన్పులూ చూసే ఆమెకు తన కాన్పుకు జీతంతో సెలవు వస్తుందన్న ప్రకటన రావడానికి 2025 మార్చి దాకా ఆగాల్సి వచ్చింది. ఆ నెలలో రాష్ట్ర ప్రభుత్వం ఆశాలకు మొదటి రెండు కాన్పులకు 180 రోజుల వేతన సెలవు ప్రకటించింది. ఆలస్యమైనా మంచి నిర్ణయం.

బిడ్డకు తూకం, తల్లికి ఎవరు?

ఆశా కార్యకర్త ఆసుపత్రి కాన్పయిన బిడ్డను 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి వచ్చి చూడాలి. ఆ తర్వాత టీకాల కోసం 6, 10, 14 వారాలకు మనమే తీసుకెళతాం. బిడ్డ బరువు, బిడ్డ నిద్ర, బిడ్డ విరేచనం అన్నీ ఇంట్లో చర్చకు వస్తాయి. తల్లి బీపీ ఎవరూ చూడరు. 42వ రోజు తర్వాత ఆమె చీటీ ఖాళీగా ఉంటుంది.

జనరల్ మెడిసిన్ డాక్టరుగా నా ముందుకు వచ్చే బాలింతల్లో ఎక్కువగా కనిపించేది రక్తహీనత. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో దాదాపు 59 శాతం మందికి రక్తం తక్కువ. వంద కాన్పుల్లో 42 సిజేరియన్లని అదే సర్వే చెప్పింది. అసలే తక్కువున్న రక్తం ఆపరేషన్‌లో ఇంకొంత పోతుంది. అందుకే కాన్పు తర్వాత కూడా 180 రోజులు ఐరన్ ఫోలిక్ యాసిడ్ మాత్ర, కాల్షియం మాత్రలు వాడమంటాం. ఈ రెండూ ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. రెండూ ఒకేసారి వేసుకుంటే ఐరన్ సరిగా ఒంటబట్టదు. ఒకటి పొద్దున, ఒకటి రాత్రి వేసుకోవాలి. ఐరన్ మాత్ర వేసుకున్న గంటలో టీ, కాఫీ తాగకూడదు.

గర్భంలో సుగర్ వచ్చి కాన్పుతో తగ్గిందనుకున్నవాళ్లు 6 నుంచి 12 వారాల మధ్య గ్లూకోజు తాగి మళ్లీ పరీక్ష చేయించుకోవాలి. వీళ్లకు ముందుముందు మధుమేహం వచ్చే ముప్పు మిగతావాళ్లకంటే చాలా ఎక్కువ. గర్భంలో బీపీ వచ్చినవాళ్లు కాన్పు తర్వాతా బీపీ చూపించుకుంటూ ఉండాలి. విపరీతమైన నీరసం, గుండెదడ, బరువులో తేడా ఉంటే థైరాయిడ్ కూడా చూడాలి. కాన్పయిన ఏడాదిలోపు కొందరికి థైరాయిడ్ పని తప్పుతుంది.

ఇక ఆగకూడనివి ఇవి. ఎక్కువ రక్తస్రావం, జ్వరం, కుట్ల దగ్గర చీము, తగ్గని తలనొప్పితో చూపు మసకబారడం, ఒక కాలికే వాపూ నొప్పీ, ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి, మూర్ఛ. వీటిలో ఏది కనిపించినా "బాలింత కదా, మామూలే" అనుకోకండి. 108కి ఫోన్ చేయండి.

పథ్యంలో ఏది ఉంచాలి, ఏది వదలాలి

మన ఉత్తరాంధ్రలో పురిటి ఇంటి వంటకు పెద్ద చరిత్రే ఉంది. పూడిమడక తీరం నుంచి వచ్చిన పాలసొరతో పుట్టు చేసి బాలింతకు పెడతారు. మునగాకు, వెల్లుల్లి కారం, నువ్వులు, బెల్లం కూడా పెడతారు. ఇవన్నీ పెట్టండి. పాలసొర వల్లే పాలు పడతాయా అని అడిగితే, పాలు పట్టేది బిడ్డ ఎన్నిసార్లు చీకితే అంత అని చెబుతాను. కానీ చేపలో మాంసకృత్తులున్నాయి, తల్లికి అవి కావాలి.

వదలాల్సింది కొరత పథ్యం. నీళ్లు తాగితే పొట్ట వస్తుందని, బిడ్డకు జలుబు చేస్తుందని గుక్కెడు నీళ్లకే పరిమితం చేసే ఇళ్లు ఇంకా ఉన్నాయి. పాలలో ఎక్కువ భాగం నీరే. దాహమైనప్పుడల్లా తాగాలి. పప్పు, పెరుగు, పళ్లు, కూరగాయలు నెలల తరబడి మాన్పిస్తే రక్తం ఎక్కడి నుంచి వస్తుంది? తలుపులన్నీ మూసి గదిలో సాంబ్రాణి పొగ వేస్తే బిడ్డ ఊపిరితిత్తులకు మంచిది కాదు. ముర్రుపాలు పిండి పారబోయడం, నాలుకకు తేనె రాయడం, ఆముదం పట్టడం, బొడ్డుకు పసుపో పౌడరో అద్దడం మానేయండి. పెద్దవాళ్లు ప్రేమతోనే చెబుతారు. వాళ్లతో వాదించలేని కోడలి తరఫున ఆ మాట కొడుకే చెప్పాలి.

అన్నిటికంటే ముఖ్యమైన పథ్యం నిద్ర. రోజులో ఒక్కసారైనా తల్లికి నాలుగు గంటలు కలిపి నిద్ర దొరకాలి. సాయంత్రం ఏడింటికి పాలిచ్చి ఆమె పడుకుంటే, మళ్లీ బిడ్డకు ఆకలి వేసేదాకా తేపు తెప్పించడం, గుడ్డ మార్చడం, ఊపడం ఇంట్లో మిగతావాళ్ల పని. పాలివ్వడం తప్ప బిడ్డ పనుల్లో మగవాడు చేయలేనిది ఒక్కటీ లేదు. ప్రభుత్వ ఉద్యోగాల్లో ఉన్న మగవాళ్లకు 15 రోజుల పితృత్వ సెలవుంది. దాన్ని బారసాల ఏర్పాట్లకు కాకుండా రాత్రి జాగారాలకు వాడుకోండి.

ఏడుపు ఆగకపోతే

కాన్పయిన మూడు నాలుగు రోజులకు ఊరికే ఏడుపు రావడం, చిరాకు చాలామందికి ఉంటుంది. రెండు వారాల్లో అదే తగ్గుతుంది. రెండు వారాలు దాటినా దిగులు పోకపోతే, బిడ్డ పడుకున్నా తనకు నిద్ర పట్టకపోతే, ఏదీ తినబుద్ధి కాకపోతే, "నేను మంచి తల్లిని కాదు" అని పదేపదే అంటే అది జబ్బు. మన దేశంలో కాన్పయిన ప్రతి వందమందిలో 22 మందికి ఈ దిగులు జబ్బు ఉంటుందని 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వచ్చిన సమీక్ష అంచనా వేసింది. అది పొగరు కాదు, సోమరితనం కాదు, గాలి సోకడం కాదు. చికిత్సకు లొంగుతుంది. పాలిస్తూ కూడా వాడదగిన మందులున్నాయి. టెలీ మానస్ నంబరు 14416కి ఏ వేళకైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. చనిపోవాలని ఉందన్నా, బిడ్డకు హాని చేస్తానేమో అన్నా, ఎవరూ లేని గొంతులు వినిపిస్తున్నాయన్నా ఒంటరిగా వదలకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకురండి.

ఈ దిగులు ఎప్పుడు ముదురుతుందో గమనించండి. మన ఇళ్లలో మూడో నెలలోనో ఐదో నెలలోనో సారె పెట్టి తల్లీబిడ్డను అత్తవారింటికి పంపుతారు. పుట్టింట్లో అమ్మ, అమ్మమ్మ, పక్కింటి పిన్ని పంచుకున్న పనంతా ఒక్కరోజులో ఆమె ఒక్కదానిమీద పడుతుంది. విశాఖలో రెండు గదుల ఫ్లాటు, భర్త డ్యూటీకి వెళితే తలుపు కొట్టే మనిషి ఉండరు. వెనకాలే ఆఫీసులో చేరాల్సిన తేదీ. మూడు మార్పులు ఒకే నెలలో రాకుండా చూడటం పెద్దల చేతిలో ఉన్న పని. డ్యూటీలో చేరిన మొదటి నెల అమ్మో అత్తగారో తోడుండేలా ముందే అనుకోండి.

చేరడానికి నెల ముందు

డ్యూటీలో చేరినంత మాత్రాన పాలు మాన్పించక్కర్లేదు. నెల ముందు నుంచే పాలు పిండటం అలవాటు చేసుకోండి. చేతులు సబ్బుతో కడుక్కుని, మరిగించిన స్టీలు గిన్నెలో పిండి మూత పెట్టాలి. చల్లని గదిలో నాలుగు గంటల దాకా బాగుంటాయి. మన వేసవిలో అంతసేపు బయట ఉంచకండి. ఫ్రిజ్‌లో పెట్టి 24 గంటల్లో వాడేయండి. పొయ్యిమీద కాచకూడదు. గిన్నెను గోరువెచ్చని నీళ్లలో ఉంచితే చాలు. తాగగా మిగిలినవి పారబోయాలి.

పట్టడానికి సీసా వద్దు. నవజాత శిశువుల వార్డుల్లో మేము వాడే పాలాడై అచ్చం మన ఉగ్గుగిన్నె లాంటిదే. శుభ్రం చేయడం తేలిక, విరేచనాల భయం తక్కువ. అమ్మమ్మ అటకమీది ఉగ్గుగిన్నెను తోమి, మరిగించి వాడుకోండి. అందులో పోయాల్సింది మాత్రం ఆముదం కాదు, తల్లిపాలు. బయల్దేరే ముందు ఒకసారి, ఇంటికి రాగానే ఒకసారి, రాత్రంతా అడిగినప్పుడల్లా పాలిస్తే పాలు తగ్గవు. పాలు చాలుతున్నాయా అన్న అనుమానం వస్తే డబ్బా కొనేముందు రెండు చూడండి. రోజుకు ఆరుసార్లు, అంతకంటే ఎక్కువ మూత్రం పోస్తున్నాడా? బరువు పెరుగుతున్నాడా? రెండూ ఉంటే పాలు చాలుతున్నట్టే.

ఎవరెవరు ఏం చేయాలి

యజమానులు చట్టంలోని సెలవును దయగా కాక బాకీగా చూడాలి. పాలు పిండుకోవడానికి తలుపున్న ఒక గది, ఒక కుర్చీ, ఒక ఫ్రిజ్ ఏర్పాటుకు పెద్ద ఖర్చేమీ కాదు. ప్రభుత్వం బిడ్డ టీకా రోజునే తల్లి బీపీ, హిమోగ్లోబిన్ చూసే పద్ధతి పెట్టాలి. 6, 10, 14 వారాలకు తల్లి ఎలాగూ మన దగ్గరికే వస్తోంది. ఆమెను బిడ్డను మోసుకొచ్చిన మనిషిగా కాక మరో పేషెంటుగా చూడటానికి మాకు ఐదు నిమిషాలు చాలు. ఇది మా వైద్యులకు నేను చెప్పుకుంటున్న మాట కూడా.

ఇంట్లోవాళ్లు చేయాల్సింది ఇంకా సులువు. ఈ ఆదివారం మీ ఇంట్లో బాలింత ఉంటే ఒక కాగితం తీసుకుని ఆమె ఒక రోజు పనులు గంటలతో సహా రాయండి. పక్కన మీరు చేసినవి రాయండి. ఆ కాగితం చూశాక ఎవరు ఏ పని తీసుకోవాలో డాక్టరు చెప్పాల్సిన అవసరం ఉండదు.

ఆ ఎలమంచిలి అమ్మాయి నెల తర్వాత మళ్లీ వచ్చింది. హిమోగ్లోబిన్ 9.6 అయింది. ఇంకా పెరగాలి. ఈసారి పాప అమ్మమ్మ భుజాన ఉంది. "రాత్రి తొమ్మిది దాకా నా దగ్గరే పడుకుంటాది డాక్టరమ్మా, దానికి నిద్ర కావాల కదా" అంది ఆవిడ. ఏడుగుర్ని కన్న మనిషి ఆ మాట అన్నాక, మందుల చీటీలో నేను కొత్తగా రాయాల్సింది ఏమీ లేకపోయింది.